అమ్మ ముక్కు

“జైతూన్‌బీ వాళ్ళింట్ల జొన్నలు వేంపుతున్నట్టున్నరు” అని అమ్మ అన్నప్పుడు నాకు ఆమె విషయంలో మొదటిసారి భయం వేసింది. సాయంత్రం నాలుగు దాటి ఉంటుంది. నేను పెరట్లో తాడు మీద పిల్లల గౌన్లు ఆరేస్తున్నాను. మాడిన పాల వాసన వచ్చి, చేతిలో ఉన్న తడి గౌనుతోనే వంటింటి గుమ్మం దాకా పరుగెత్తాను. అమ్మ పొయ్యికి వీపు పెట్టి కూర్చుని నా పెద్ద కూతురు సుజాతకు జడ వేస్తోంది. చిన్నది ఉమ గోడ పక్కన బొంత మీద నిద్రపోతోంది. పిడకల నిప్పు మీద పాలగిన్నె అమ్మ వీపుకు మూరెడు దూరంలో ఉంది. “అమ్మమ్మా, ఏం వాసన గిది?” అని సుజాత అడిగింది. అమ్మ దువ్వెన ఆపి, తల కొంచెం పైకెత్తి, ఊరందరికీ తెలిసిన పద్ధతిలో రెండుసార్లు గాలి పీల్చి, పక్కింట్లో జొన్నలు వేయిస్తున్నారన్న ఆ మాట చెప్పింది. చెప్పి మళ్ళీ జడ అల్లుకుంది. ఆమె వెనక పాలు నల్లబడి గిన్నెకు అంటుకుపోయి ఉన్నాయి.

పాలు మాడడం పెద్ద విషయం కాదు. ప్రతి ఇంట్లోనూ మాడతాయి. కానీ మా అమ్మ వాసన చూసి తప్పు చెప్పడమనేది నేను పుట్టాక జరగలేదు. గిన్నె దించి బయట పెట్టాను. అమ్మ వెనక్కి తిరిగి దాన్ని చూసి, “అయ్యో, మాడినయా” అంది, ఎవరింట్లోనో మాడినట్టు. తర్వాత నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. సుజాత, “అయితే జొన్నలు కావా?” అంది.

నేను భయపడే మనిషిని. ఈ మాట ముందే చెప్పడం మంచిది. పిల్లలు పుట్టాక నా భయాలకు ఒక వరస ఏర్పడింది. బొంబాయి రోడ్డు మీద లారీలు మొదటిది. పెరట్లో బావి రెండోది. కాచని నీళ్ళు, మింగడానికి వీలుగా ఉండే గుండీలు, చెవిలో దూరే పురుగులు ఆ తర్వాతివి. ఈ వరసలో మా అమ్మ ఎక్కడా లేదు. అందుకే ఆ వేసవిలో పిల్లలిద్దరినీ ఆమె దగ్గర వదిలి హైదరాబాదు వెళ్ళి బి.ఎడ్. చదవడానికి ఒప్పుకున్నాను. తొమ్మిది నెలలు హాస్టల్లో ఉండాలి. మా ఆయన సంగారెడ్డిలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయనకు చాయ్ పెట్టడం వచ్చు, దాన్ని వంట అంటారు. కాబట్టి పిల్లలకు అమ్మమ్మే దిక్కు. నేను బయల్దేరడానికి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజుల్లో నాకు తేలాల్సింది ఒక్కటే: పొయ్యి మీద ఏది మాడుతోందో తెలియని మనిషి చేతిలో ఆరేళ్ళ పిల్లనూ నాలుగేళ్ళ పిల్లనూ పెట్టి పోవచ్చా?

అమ్మ ముక్కుకు జహీరాబాదులోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా పేరుండేది. మాది అల్లం పండే నేల. పంట తవ్వాక వచ్చే ఏటి విత్తనానికి మంచి కొమ్ములు ఏరి, నీడ పట్టున గుంత తీసి, ఇసుక పరిచి, వరస మీద వరస పేర్చి, పైన పలకలు వేసి, మట్టీ పేడా కలిపి అలికేస్తారు. గాలి ఆడడానికి ఒక పక్క చెయ్యి పట్టేంత కంత వదిలి దాని మీద చిన్న బండ పెడతారు. తొలి వానలు పడేదాకా అల్లం ఆ చీకట్లో ఉండాలి. లోపల ఒక కొమ్ము కుళ్ళితే కొన్నాళ్ళకు గుంతంతా కుళ్ళుతుంది. అట్లాగని అనుమానంతో ఊరికే తెరిస్తే వడగాలి తగిలి మంచిది కూడా వడిలిపోతుంది. అంటే తెరవాలా వద్దా అన్నది తెరవకుండానే తెలియాలి. అది చెప్పే మనిషి మా అమ్మ.

ఎండలు ముదిరాయంటే చిరాగ్‌పల్లి నుంచీ కోహీర్ వైపు నుంచీ పొద్దున్నే ఎడ్లబండి వచ్చి మా ఇంటి ముందు ఆగేది. సెలవులైతే నేనూ ఎక్కేదాన్ని. అమ్మ గుంత దగ్గర కాళ్ళు కడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, బండ తీసి, కొంగుతో తననూ ఆ కంతనూ కలిపి కప్పేసుకునేది. వాసన బయటికి పోకుండా అట్లా చేస్తుందని అందరూ అనుకునేవారు, నేనూ అనుకున్నాను. ఆ ఇంటి మగవాళ్ళు తలగుడ్డలు తీసి చేత్తో పట్టుకుని నిలబడేవారు. పిల్లలు దగ్గితే తల్లులు నోరు మూసేవారు. కాసేపటికి అమ్మ కొంగు సర్దుకుని లేచి “మంచిగుంది” అనేది. లేదంటే “తెరువుండ్రి” అనేది. మూడో మాట ఉండేది కాదు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. వచ్చేటప్పుడు బండిలో ఒక గుమ్మడికాయో, సోలెడు పెసలో పెట్టేవారు. అమ్మ దారంతా పెసలు చేత్తో తడుముతూ కూర్చునేది.

ఇంట్లో ఆ ముక్కుతో మా బతుకు వేరుగా ఉండేది. బడి నుంచి రాగానే గడపలో ఆపి నా నడినెత్తి మీద ముక్కు పెట్టేది. ఆ ఒక్క క్షణం నేను ఊపిరి బిగబట్టేదాన్ని, వాసన నా ఊపిరిలోంచి వస్తుందేమోనని. ఒకసారి నేనూ నా పక్కింటి స్నేహితురాలూ బడి ఎగ్గొట్టి చెరుకు గానుగ దగ్గరికి పోయి, వేడి బెల్లం ఆకులో పెట్టించుకుని తిన్నాం. దారిలో మూతి కడుక్కున్నాం. చేతులు మట్టితో తోముకున్నాం. జాగ్రత్త కోసం తలకు ఇంకొంచెం కొబ్బరినూనె రాసుకున్నాం. అమ్మ నెత్తి మీద ముక్కు పెట్టి, “గానుగ ఎట్లుంది? ఎడ్లు మంచిగున్నయా?” అంది. దాని తర్వాత నేను బడి ఎగ్గొట్టలేదు. బి.ఎస్సీ. దాకా చదవడానికి చాలా కారణాలు చెబుతుంటాను కానీ, అసలు కారణం ఇది.

నన్ను చూసుకోవడానికి మా ఆయన వాళ్ళు వచ్చినప్పుడు అమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఆయన పక్కగా ఒకసారి నడిచి లోపలికి వచ్చింది. “పిలగాడు సిగరెట్ తాగుతడు” అంది. “అయినా మంచోడే.” ఈ మాట ఎట్లాగో ఆయన చెవిన పడింది. రెండు గంటలు బస్సులో కూర్చుని, స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, లవంగం నమిలి వచ్చిన మనిషి ఆయన. ఆ రోజుతో సిగరెట్ మానేశారు. అత్తగారింటికి వచ్చినప్పుడల్లా ఆమెకు రెండు గజాల దూరంలో కూర్చునేవారు, ఇప్పటికీ అలవాటు కొద్దీ ఆ కుర్చీలోనే.

మా ఇంటి పొద్దు ఎట్లా నడిచేదో కొంచెం చెప్పాలి. అమ్మ కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లేది. జొన్నపిండి వేడినీళ్ళతో కలిపి, పీట మీద అరచేత్తో తడుతూ రొట్టెలు చేసేది. ఆ తడుతున్న చప్పుడే మాకు గడియారం. నాయన రెండు రొట్టెలు గుడ్డలో కట్టుకుని పొలానికి పోయేవాడు. అందరిళ్ళలో పాలు పొద్దున్నే కాచేవారు. మా ఇంట్లో మాత్రం పొద్దున పితికిన పాలు కూడా సాయంత్రం దాకా తడిగుడ్డ చుట్టిన కుండలో ఉండేవి. నాయన ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాకే అమ్మ పొయ్యి మీద పెట్టేది. ఎండాకాలంలో రెండు రోజులకు ఒకసారి విరిగేవి. అయినా ఆ పద్ధతి మారలేదు. ఇంటి మగమనిషి మీద గౌరవమని నేను అనుకునేదాన్ని. కాలేజీలో స్నేహితురాళ్ళకు ఇది చెప్పి మా ఇంటి వెనకబాటుతనం గురించి మాట్లాడాను కూడా.

నాయన మాటలు తక్కువ మనిషి. ఆయన మాట్లాడిన మాటల్లో ఎక్కువ భాగం పొయ్యి మీద ఉన్న వస్తువుల పేర్లు. అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ, రోడ్డు మీద బస్సులు చూస్తూ, ఉన్నట్టుండి “పాలు” అనేవాడు. కాసేపయ్యాక “పప్పు” అనేవాడు. ఒక్కోసారి “రొట్టె.” తల తిప్పేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. లోపల అమ్మ “ఊ” అనేది, గిన్నె దించిన చప్పుడయ్యేది. ఇంట్లో అంతకు మించి సంభాషణ ఉండేది కాదు. ఆకలికి తొందరపెడుతున్నాడని నేను అనుకునేదాన్ని. పదమూడేళ్ళ వయసులో ఒకసారి, “ఎప్పుడు తిండి గురించేనా నాయనా” అని కూడా అన్నాను. ఆయన చుట్ట చేతిలోకి తీసుకుని నన్ను చూసి, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. పాలు మాడిన ఆ వేసవికి ఆయన పోయి ఏడాది. పొలం కౌలుకిచ్చాం. అరుగు ఖాళీగా ఉండేది.

పాలు మాడిన రోజుకు వస్తాను. గిన్నె బూడిదతో తోముతుంటే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. ఆ పొద్దునే అమ్మ గోడ అవతలి జైతూన్‌బీ ఖాలా గుంత చూసి “మంచిగుంది” అని చెప్పి వచ్చింది. పిన్నిలాగా ఖాలా అని నేను పిలిచే ఆమె మా అమ్మ కంటే ఐదారేళ్ళు చిన్నది. భర్త పోయాక ఉన్న ఎకరం అల్లంతోనే బతుకుతున్న మనిషి. ఆమె ఏడాది బతుకంతా ఆ గుంతలో ఉంది. దాన్ని చూసి మాట చెప్పిన ముక్కు సాయంత్రానికి పాలను జొన్నలంది. గిన్నె అక్కడే వదిలి గోడ చుట్టు తిరిగి ఖాలా ఇంటికి పోయాను.

“ఖాలా, ఇయ్యాల మీ ఇంట్ల జొన్నలు వేంపిన్రా?” అన్నాను ముందు.

“జొన్నలెందుకు వేంపుతం?” అంది ఖాలా. మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“ఊరికే అడిగిన. పొద్దున అమ్మ మీ గుంత చూసింది గదా.”

“చూసింది బేటీ. మంచిగుంది అన్నది.”

“ఒక్కసారి తెరిచి చూస్తే ఏమైతది?”

ఖాలా చేతిలో చింతపండు కింద పెట్టింది. “మీ అమ్మ పంపిందా?”

“లేదు. నేనే అంటున్న.”

“నీకెట్ల తెల్సు?”

“కాలేజీల చదివిన గదా ఖాలా.”

“అల్లం గురించి చదివినవా?”

“అల్లం గురించని కాదు. కెమిస్ట్రీ.”

“అచ్ఛా” అంది ఖాలా. కాసేపు నన్ను పైనుంచి కింది దాకా చూసింది. “పిల్లల్ని ఇడిచిపెట్టి పోతున్నవ్ గదా, దిల్ ఆగమాగం ఉంటది. మా పెద్దబిడ్డ కాన్పుకు ముందు నాకు గూడ గిట్లనే ఉండె, దినమంత ఏదో ఒకటి తెరుస్తుంటి. కూసో, చాయ్ తాగు.”

నేను కూర్చుని చాయ్ తాగాను. గుంత తెరిపించాలంటే ఒక్కటే మాట చెప్పాలి, మా అమ్మకు ముక్కు పనిచేయడం లేదని. ఆ మాట ఖాలాకు చెబితే సాయంత్రానికి మసీదు వీధికీ, మర్నాటికి కోహీర్‌కీ చేరుతుంది. ఖాలా చెడ్డది కాదు, ఆమెకు మనుషుల మీద ప్రేమ ఎక్కువ, అందరికీ అన్నీ చెబుతుంది. చెప్పకపోతే ఆమె విత్తనం పోవచ్చు. చాయ్‌లో అల్లం బాగా దంచి వేసింది. కప్పు కింద పెట్టి, “మంచిగుంది” అని వచ్చేశాను.

ముందు సంగతి నిర్ధారించుకోవాలనుకున్నాను. బి.ఎస్సీ. చదివిన మనిషిని కాబట్టి పరీక్ష పెట్టాలనుకున్నాను. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని, ఒకదానిలో కొబ్బరినూనె, ఇంకోదానిలో దీపాలకు వాడే గ్యాసునూనె పోసి, మూతలు తీసి అమ్మ ముందు పెట్టాను. ఆమె ఆ రాత్రి రొట్టెలకు పిండి జల్లిస్తోంది. “అమ్మా, గీ రెండిట్ల ఏది కొబ్బరినూనె?”

అమ్మ జల్లెడ పక్కన పెట్టి, ఒక సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది, తర్వాత రెండోది. రెండింటినీ కొంచెం వంచి మళ్ళీ నిలబెట్టింది. “ఇది కొబ్బరినూనె, ఇది గ్యాసునూనె” అంది. సరిగ్గా చెప్పింది. నాకు గుండె కుదుటపడి, సీసాలు తీసుకుని రెండడుగులు వేశాను.

“ఎండకాలంల గూడ కొబ్బరినూనె సీసకు అంటుకుంట దిగుతది” అని వెనక నుంచి అంది. “గ్యాసునూనె నీళ్ళ లెక్క ఉరుకుతది. ఇమ్తెహాన్ పెడితే మంచిగ పెట్టాలె. కాలేజీల గిట్లనే నేర్పిన్రా?”

నేను వచ్చి ఆమె ముందు కూర్చున్నాను. అమ్మ పిండిలో వేడినీళ్ళు పోసి, కాలుతున్నా వేళ్ళతో కలుపుతూ మాట్లాడింది. నేను ఎన్నాళ్ళయిందని అడిగాను. నాయన పోయిన దిగులుతో ఈ మధ్యే అట్లా అయి ఉంటుందని నా ఊహ.

“నీకు పదేండ్లప్పుడు నాకు పెద్ద జరం వచ్చింది, యాదికుందా? పదిహేను దినాలు. జరం పోయింది. దాంతోటే అది గూడ పోయింది.”

నేను లెక్క వేసుకున్నాను. అంటే గానుగ సంగతి ఆ జ్వరం తర్వాతిది. సిగరెట్ సంగతీ అంతే. నా నెత్తి మీద ముక్కు పెట్టి ఆమె కనిపెట్టినవాటిలో నాకు గుర్తున్న ప్రతి ఒక్కటీ ఆ జ్వరం తర్వాతిదే.

“మరి గానుగ?”

“నీ ఎంబడి ఈగలొచ్చినయ్. గౌరమ్మ పండుగ మిఠాయికి పట్టినట్టు పట్టినయ్. లంగ అంచుకు బెల్లం ఉండె.”

“మరి మా ఆయన సిగరెట్?”

“ఏలు పచ్చగుండె. కుడి చెయ్యి.” రొట్టె తట్టడం మొదలుపెట్టింది. “ఇప్పుడు చెప్పకు. మానేసిండు గదా.”

“మరి గుంతలు?”

చేతులు ఆగాయి. “గా జరం తగ్గంగనె బండి వచ్చె చిరాగ్‌పల్లి నుంచి. పోనంటే ఎందుకంటరు. చెప్తే ఇగ ఎవరు నమ్ముతరు? లోపల కూసొని ఏడుస్తున్న. మీ నాయన వచ్చిండు. ‘చెయ్యి పెట్టు’ అన్నడు. ‘కుళ్ళితే లోపల ఉడుకుంటది, తడి అంటుతది. మంచిదైతే సల్లగ ఉంటది. కొంగు కప్పుకో, ఎవరు చూడరు’ అన్నడు. ఆయన గంత పెద్ద మాట మాట్లాడంగ నేనెప్పుడు ఇనలే. పెండ్లప్పుడు గూడ.” పెనం మీద రొట్టె వేసి, నీళ్ళు అద్ది, తిప్పింది. “ముక్కు ఉన్నప్పుడు రెండుసార్లు తప్పు చెప్పిన. చెయ్యి పెట్టినప్పటి సంది ఒక్కసారి తప్పలే.”

అప్పుడు నాకు అరుగు గుర్తొచ్చింది. పాలు, పప్పు, రొట్టె. తల తిప్పకుండా, గొంతు పెంచకుండా. మాడుతోందని ఒక్కనాడు అనలేదు. మాడుతోందంటే పెరట్లో ఉన్న నాకూ, వాకిట్లో ఉన్న ఖాలాకూ, అమ్మకు ఆ సంగతి తెలియలేదన్నది తెలిసిపోయేది. పేరు మాత్రం చెప్పేవాడు. అందరికీ అది ఆకలిగా వినపడేది.

“నాయన పొలంల ఉన్నప్పుడో?” అన్నాను.

“ఆయన పొలంల ఉంటే నేను పాలు పెట్టకపోతుంటి గదా.”

ఇద్దరం కాసేపు రొట్టె పొంగడం చూశాం. తర్వాత అమ్మే అడిగింది. “అయితే పోతవా, పోవా?”

“ఎట్ల పోవాలె? పిల్లలు చిన్నగున్నరు.”

“నువ్వు గీ ఇంట్లనే పెరగలేదా? గీ పొయ్యి కాడనే పండుకోలేదా? ఏమైంది నీకు? మంచిగనే ఉన్నవ్ గదా, ఇమ్తెహాన్‌లు గూడ పెడుతున్నవ్.”

“నాయన ఉండె” అన్నాను.

అనకుండా ఉండాల్సింది. అమ్మ రొట్టె దించి, గుడ్డలో పెట్టి, ఇంకో ముద్ద తీసుకుని పీట మీద పెట్టింది. తట్టలేదు. “అవు” అంది. “నాయన ఉండె.” అంతే అంది. ఆ ముద్ద అట్లాగే పీట మీద ఉండిపోయింది. చివరికి దాన్ని నేనే తట్టాను. పక్కలకు పగిలింది.

ఖాలా గుంత సంగతి చెప్పకుండా వదిలితే బాగుండదు. తొలి వాన పడ్డాక తెరిచారట. దోసెడు కొమ్ములు మెత్తబడ్డాయి, మిగతాదంతా కళ్ళతో మొలకతో ఉంది. ఖాలా నాకు హాస్టలుకు ఉత్తరం రాయించింది. అందులో సగం నా నిద్ర గురించి, మిగతా సగం, మీ అమ్మ ముక్కు ముక్కే, దాన్ని నమ్మక నువ్వు నన్ను తొందరపెట్టావు, తల్లి మీద అట్లా అనుమానపడకూడదు అని. నేను క్షమించమని జవాబు రాశాను.

అవును, నేను వెళ్ళాను. తొమ్మిది నెలలు చదివాను. ప్రతి శనివారం మా ఆయన సంగారెడ్డి నుంచి జహీరాబాదు వచ్చి పిల్లల్ని చూసి, నాకు నాలుగు వాక్యాలు రాసేవారు. పిల్లలు బాగున్నారు, అత్తయ్య బాగున్నారు, ఏమిటో పిల్లలిద్దరికీ తిండి ధ్యాస ఎక్కువైంది, అరుగు మీద కూర్చుని ఎప్పుడూ పాలు, పప్పు అంటుంటారు అని. పాలు కొనడం తగ్గించవద్దని జవాబు రాశాను. చదువు ముగించుకుని వచ్చాక ఇక్కడే బడిలో పని దొరికింది. ఈ ఇంట్లోనే ఉంటున్నాం.

అమ్మ మొన్నటి చలికాలంలో పోయింది. పొద్దున ఛాతీలో నొప్పి అంది. దవాఖానకు టాంగాలో తీసుకుపోతుంటే, “వాకిట్ల మిరపకాయలు ఆరబోసిన, తీసిన్రా?” అని అడిగింది. తీశామన్నాను. తీయలేదు. సాయంత్రం ఆమెను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు ఎవరో తల దగ్గర కట్టలకు కట్టలు ఊదుబత్తీలు వెలిగించారు. ఊపిరాడనంత వాసన. వాటితో ఆమెకు పని లేదని ఆ గుంపులో నాకూ నా పిల్లలిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. సుజాత నా వైపు చూసింది, నేను తల అడ్డంగా ఊపాను, అది ఊరుకుంది. ఖాలా అమ్మ పాదాల దగ్గర కూర్చుని, “ఇగ మా అల్లం ఎవరు చూస్తరు అక్కా” అని ఏడ్చింది. కోహీర్ నుంచి వచ్చినవాళ్ళు తలగుడ్డలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు, గుంత దగ్గర నిలబడ్డట్టు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఖాలాయే. నిన్న పొద్దున గోడ మీంచి పిలిచి, గుంత చూడమంది. నాకు రాదన్నాను. “ఆమె బిడ్డవే గదా, రక్తంల ఉంటది” అంది. పోయాను. కాళ్ళు కడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, బండ తీసి, కొంగు కప్పుకున్నాను. ముందు వాసన చూశాను. నా ముక్కు బాగానే పనిచేస్తుంది. మట్టి, ఇసుక, అల్లం, కొంచెం నా కొంగులో తాలింపు. ఏమీ అర్థం కాలేదు. అప్పుడు చెయ్యి పెట్టాను, భుజం దాకా. చల్లగా, పొడిగా ఉంది. చాలాసేపు అట్లాగే ఉంచాను, అవసరమైన దానికంటే ఎక్కువసేపు. లేచి “మంచిగుంది” అన్నాను. ఖాలా తల ఊపి, “మీ అమ్మ ఇంత సేపు చూడకపోతుండె” అంది.

ఇప్పుడు మా ఇంట్లో వత్తుల స్టవ్వు ఉంది. పాలు పొద్దున్నే కాచేస్తాం, ఎవరి కోసమూ ఆపం. ఏది మాడినా నాకు ముందే తెలుస్తుంది, పిల్లలకు తెలుస్తుంది, మా ఆయనకు కూడా తెలుస్తుంది, “ఏదో మాడుతోంది, చూడు” అని కుర్చీలోంచి గట్టిగా అంటారు. అందరికీ ముక్కులున్న ఇల్లు. అయినా ఈ రెండు వారాల్లో మూడుసార్లు పాలు మాడ్చాను. నాయన ఉన్నన్నాళ్ళూ, పిల్లలు అరుగు మీద కూర్చున్న తొమ్మిది నెలలూ, ముక్కు లేని అమ్మ ఒక్కసారీ మాడ్చలేదు.

అప్పట్లో, పాలు మాడిన రోజుకు మర్నాడు పొద్దున, గిన్నె అడుగున నలుపు ఇంకా పూర్తిగా పోలేదు, నేను పిల్లలిద్దరినీ తీసుకుపోయి అరుగు మీద నాయన కూర్చునే చోట కూర్చోబెట్టాను. లోపల అమ్మ రొట్టెలు తడుతోంది. అమ్మమ్మ పొయ్యి వెలిగించినప్పుడల్లా మీలో ఒకరు ఇక్కడ కూర్చోవాలని చెప్పాను. వాసన వస్తే లోపలికి ఉరకొద్దు, అరవొద్దు, మాడుతోందని అసలే అనొద్దు.

“మరి ఏమనాలె?” అంది సుజాత.

“పొయ్యి మీద ఏముంటే దాని పేరు. పాలుంటే పాలు. పప్పుంటే పప్పు.”

“ఎవరన్న ఉంటే?”

“ఎవరన్న ఉన్నా అంతే. ఆకలైనోళ్ళ లెక్క అనాలె.”

ఉమ కాసేపు ఆలోచించింది. “పాలు అన్నంక ఏమనాలె?” అంది.

“ఇంకేం అనొద్దు బిడ్డా” అన్నాను. “తాత గూడ ఏం అనకపోతుండె. రోడ్డు మీద బస్సులు చూసుకుంట కూసోవాలె.”